భుజం నొప్పి, భుజం గాయాలు: ఇంటి జాగ్రత్తల నుంచి ఆపరేషన్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

భుజం నొప్పి మొదలవగానే దాదాపు అందరికీ వచ్చే సందేహాలు ఇవే: లోపల ఏదైనా తెగిందా, ఇది ఎన్నాళ్లుంటుంది, ఆపరేషన్ తప్పదా? నొప్పి ఎంతుందో చూసి వీటికి జవాబు చెప్పడం కష్టం. తక్కువ ప్రమాదమున్న జబ్బులో భరించలేని నొప్పి ఉండొచ్చు, టెండన్ (కండరాన్ని ఎముకకు అతికించే పట్టీ) పూర్తిగా తెగినా పెద్దగా నొప్పి లేకపోవచ్చు. చెయ్యి ఎంతవరకు లేస్తోంది, ఎటు తిరగడం లేదు, బలం ఉందా లేదా అన్నదే అసలు కబురు చెబుతుంది. కింద రాసినవి డాక్టర్ పరీక్షకు బదులుగా కాదు. ఇంట్లో ఏం చేయొచ్చో, డాక్టర్ దగ్గర ఏం అడగాలో తెలియడానికి.

భుజానికే ఇన్ని ఇబ్బందులు ఎందుకొస్తాయి?

ఒంట్లో ఇంతగా అన్ని వైపులకూ తిరిగే కీలు ఇంకోటి లేదు. అలా తిరగాలంటే బిగువు కొంత వదులుకోక తప్పదు. చేతి పై ఎముక తల పెద్దగా, గుండ్రంగా ఉంటుంది. అది ఆనుకునే గుంట మాత్రం రెక్క ఎముక అంచున లోతు లేని చిన్న సాసర్‌లా ఉంటుంది. ఆ తలను జారకుండా పట్టుకునే పని ఎక్కువగా కండరాలదే. రెక్క ఎముక మీద పుట్టి, ఎముక తలను ముందు నుంచి, పై నుంచి, వెనక నుంచి పట్టి ఉంచే నాలుగు కండరాలను కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వీటి చివరలు టెండన్లుగా మారి ఎముకకు అతుక్కుంటాయి. టెండన్లకూ పైనున్న ఎముక కప్పుకూ మధ్య రాపిడి తగ్గించే పలుచని సంచి ఉంటుంది, దాని పేరు బర్సా.

వయసును బట్టి సమస్య మారుతుంది. కుర్రవాళ్లలో భుజం జారడం, లిగమెంట్లు (ఎముకలను కలిపి పట్టే కట్లు) దెబ్బతినడం ఎక్కువ. 40 నుంచి 60 మధ్య ఫ్రోజెన్ షోల్డర్ (భుజం బిగుసుకుపోయే జబ్బు), టెండన్ నొప్పులు ఎక్కువ. 60 దాటాక టెండన్లు అరిగి తెగడం, కీలు అరగడం, పడితే ఎముక విరగడం.

నొప్పి భుజంలోనే పుట్టిందా, మెడ నుంచి వచ్చిందా? ఎలా తెలుస్తుంది?

భుజం జబ్బుల నొప్పి మామూలుగా భుజం బయటి వైపు, జబ్బ మీద తెలుస్తుంది. చెయ్యి ఎత్తినా, వెనక్కి పెట్టినా ఎక్కువవుతుంది. మోచేయి దాటి కిందికి దిగడం అరుదు. నొప్పి మెడ దగ్గర మొదలై, చెయ్యంతా పాకి, వేళ్లలో తిమ్మిరి, మంట కూడా ఉంటే మెడ నరాన్ని అనుమానించాలి. మెడ తిప్పినప్పుడు నొప్పి ఎక్కువై, చెయ్యి ఎత్తినప్పుడు ఏమీ తేడా లేకపోతే అనుమానం ఇంకా బలపడుతుంది. కొందరికి రెండూ కలిసే ఉంటాయి.

భుజాన్ని ఎటు తిప్పినా నొప్పిలో ఏ మార్పూ లేకపోతే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. గుండె, పిత్తాశయం, ఊపిరితిత్తి పై భాగం, ఇవన్నీ భుజంలో నొప్పి చూపించగలవు.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సింది ఎప్పుడు?

ఎడమ భుజం నొప్పితో పాటు ఛాతీ బరువు, చెమటలు, ఆయాసం, దవడ లాగడం ఉంటే అది గుండెపోటు కావచ్చు. నొప్పి కుడి భుజంలో ఉందని కూడా ధీమాగా ఉండకండి, గుండె నొప్పి అటు కూడా రావొచ్చు. ఒక్క నిమిషం ఆగకుండా అంబులెన్స్ పిలవాలి.

పడ్డాక భుజం ఆకారం మారినా, గుండ్రంగా ఉండాల్సిన చోట పలకబారినట్టు కనిపించినా, చెయ్యి అసలు కదపలేకపోయినా, వేళ్లు చల్లబడినా, మొద్దుబారినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్లాలి. జ్వరంతో పాటు భుజం వేడిగా, ఎర్రగా, వాచి ఉంటే కీలులో చీము పట్టి ఉండొచ్చు. చీము గంటల్లో మృదులాస్థిని (కీలులో ఎముకల చివరలను కప్పే నున్నటి పొరను) పాడుచేయడం మొదలుపెడుతుంది కాబట్టి రేపు చూద్దాంలే అనుకోకూడదు. గర్భం వచ్చిన తొలి వారాల్లో కడుపు నొప్పి, కళ్లు తిరగడంతో పాటు భుజం చివర నొప్పి వస్తే ట్యూబులో గర్భం పగిలి ఉండొచ్చు, అది ప్రాణాపాయం.

అంత అత్యవసరం కాకపోయినా వాయిదా వేయకూడనివి ఇంకా ఉన్నాయి. పడిన తర్వాత రెండు మూడు వారాలైనా చెయ్యి సొంతంగా లేవకపోవడం. కారణం లేకుండా బరువు తగ్గుతూ రాత్రీ పగలూ వదలని నొప్పి. ఇదివరకు క్యాన్సర్ ఉన్నవాళ్లకు కొత్తగా వచ్చిన భుజం నొప్పి. 50 దాటినవాళ్లకు రెండు భుజాలూ ఒకేసారి పట్టేసి, పొద్దున లేవగానే చాలాసేపు చేతులు ఎత్తలేకపోవడం. ఈ చివరి దానికి మామూలు రక్త పరీక్షలతో దారి దొరుకుతుంది, సరైన మందు పడితే కొద్ది రోజుల్లోనే తేడా తెలుస్తుంది. అయితే దాంతో పాటు కొత్త తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అది ఎమర్జెన్సీ.

దెబ్బేమీ తగల్లేదు, మెల్లగా మొదలైంది. ఇంట్లో ఎన్నాళ్లు చూడొచ్చు?

పైన చెప్పిన ప్రమాద సూచనలేవీ లేకపోతే రెండు వారాలు నిశ్చింతగా చూడొచ్చు. ఆ రెండు వారాల్లో భుజం ఎత్తుకు పైన చేసే పనులు తగ్గించండి. బరువులు ఒంటికి దగ్గరగా పట్టుకోండి. చొక్కా వేసుకునేటప్పుడు నొప్పి ఉన్న చెయ్యి ముందు దూర్చండి, విప్పేటప్పుడు దాన్ని చివర తీయండి. ఈ చిన్న మార్పుతో రోజూ రెండుసార్లు పడే పోటు తప్పుతుంది. రెండు వారాలకు కాస్తయినా మెరుగు లేకపోతే, లేదా చెయ్యి తిరిగే మేర రోజురోజుకీ తగ్గుతుంటే చూపించుకోవాలి.

ఐస్ పెట్టాలా, వేడి కాపడమా?

కొత్త దెబ్బకు, వాపుకు మొదటి రెండు మూడు రోజులు ఐస్. పట్టేసిన కండరానికి, బిగుసుకున్న కీలుకు వేడి. ఐస్ నేరుగా చర్మానికి తగలకుండా గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టాలి. ఈ రెండూ హాయినిస్తాయే గానీ జబ్బును నయం చేయవు. కాబట్టి మీకు ఏది సుఖంగా ఉంటే అదే పెట్టుకోండి.

చెయ్యి కదపకుండా స్లింగ్‌లో పెట్టుకుంటే త్వరగా తగ్గుతుందా?

ఎముక విరిగితే, భుజం జారి సరిచేసిన తర్వాత, ఆపరేషన్ తర్వాత స్లింగ్ (మెడకు తగిలించి చేతిని మోసే పట్టీ) కావాలి. మిగతా నొప్పులకు ఒకటి రెండు రోజులకు మించి వద్దు. భుజం కదలకపోతే కీలు పొర బిగుసుకోవడం, కండరం పలచబడటం త్వరగా మొదలవుతాయి. నొప్పి తగ్గాక కదుపుదాంలే అని నెలరోజులు చెయ్యి ముడుచుకుని కూర్చున్నవాళ్లకు మొదటి సమస్య పోయి బిగుసుకుపోయిన భుజం మిగులుతుంది. అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే చాలామందిలో దీన్ని తప్పించవచ్చు. స్లింగ్ తప్పనిసరి అయినప్పుడు కూడా వేళ్లు, మణికట్టు, మోచేయి రోజుకు నాలుగైదుసార్లు కదుపుతూ ఉండాలి.

రాత్రి పూట నొప్పి ఎందుకు ఎక్కువవుతుంది? ఎలా పడుకోవాలి?

ఆ వైపు తిరిగి పడుకుంటే టెండన్ల మీద, బర్సా మీద ఒంటి బరువు పడుతుంది. వెల్లకిలా పడుకుంటే మోచేయి పరుపులోకి దిగి భుజం వెనక్కి లాగుతుంది. కాబట్టి వెల్లకిలా పడుకునేటప్పుడు మోచేయి కింద మడిచిన దుప్పటి గానీ చిన్న దిండు గానీ పెట్టండి, మోచేయి మీ కంటికి కనబడేంత ఎత్తులో ఉండాలి. పక్కకు తిరిగి పడుకునే అలవాటుంటే నొప్పి లేని వైపు తిరిగి, ఛాతీ ముందు లావు దిండు పెట్టుకుని దాని మీద చెయ్యి ఆనించండి. అప్పటికీ నిద్ర పట్టకపోతే కొన్నాళ్లు వీపు వెనక దిండ్లు పేర్చి సగం కూర్చున్నట్టుగా పడుకోండి. నిద్ర లేకపోతే పగటి నొప్పిని ఓర్చుకునే శక్తి కూడా తగ్గుతుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఏ మాత్రలు వాడొచ్చు?

పైపూతగా రాసే డైక్లోఫెనాక్ వంటి జెల్‌తో మొదలుపెట్టవచ్చు, రక్తంలోకి వెళ్లే మందు తక్కువ. పారాసెటమాల్ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు 24 గంటల్లో 4 గ్రాములు దాటకూడదు. లివర్ జబ్బు ఉన్నా, మద్యం అలవాటున్నా, ఒంటి బరువు బాగా తక్కువున్నా అంత కూడా పనికిరాదు. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుందని గుర్తుంచుకోండి.

ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ మాత్రలు నొప్పికి బాగా పనిచేస్తాయి గానీ అల్సర్, కిడ్నీ జబ్బు, గుండె జబ్బు, అదుపులో లేని బీపీ ఉన్నవాళ్లు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వేసుకోకూడదు. మిగతావాళ్లయినా భోజనం తర్వాత, కొద్ది రోజులే. వీటిలో రెండు రకాలు కలిపి వాడితే ఉపశమనం రెట్టింపు కాదు, కడుపులో రక్తస్రావం ముప్పు మాత్రం పెరుగుతుంది.

ఇంట్లో చేసుకోదగ్గ వ్యాయామాలు ఏవి?

ఇటీవలే పడి దెబ్బ తగిలి ఉంటే, ఎముక విరగలేదని తేలాకే ఇవి మొదలుపెట్టాలి.

మొదటిది చెయ్యి ఊపడం. నొప్పి లేని చేతిని బల్ల మీద ఆనించి నడుము దగ్గర ముందుకు వంగండి. నొప్పి ఉన్న చెయ్యిని పూర్తిగా వదులుగా కిందికి వేలాడనివ్వండి. ఇప్పుడు ఒంటిని కొద్దిగా ముందుకూ వెనక్కీ కదపండి, చెయ్యి దానంతటదే ఊగాలి. చాలామంది ఇక్కడ భుజం కండరంతో చేతిని తిప్పుతారు. అలా చేస్తే ఈ వ్యాయామం ఉద్దేశమే పోతుంది. ఒక నిమిషం ముందుకు వెనక్కి, ఒక నిమిషం పక్కలకు చాలు.

రెండోది గోడ మీద వేళ్లతో నడవడం. గోడకు ఎదురుగా నిలబడి వేళ్లను ఒక్కొక్కటిగా పైకి జరుపుతూ వెళ్లండి. చెయ్యి పైకి వెళ్లడం కోసం భుజాన్ని చెవి దగ్గరకి ఎగదోయకూడదు. నొప్పి మొదలైన చోట కాసేపు ఆగి మెల్లగా దించండి. గోడ మీద ఒక గుర్తు పెట్టుకుంటే వారానికి ఎంత మెరుగైందో కళ్లకు కనిపిస్తుంది.

మూడోది కర్రతో బయటికి తిప్పడం. వెల్లకిలా పడుకుని మోచేతులు పక్కటెముకలకు ఆనించి, 90 డిగ్రీలు మడిచి, రెండు చేతులతో కర్ర పట్టుకోండి. మంచి చేతితో కర్రను నెడుతూ నొప్పి ఉన్న చేతిని బయటికి తీసుకెళ్లండి. ఫ్రోజెన్ షోల్డర్‌లో ముందుగా పోయేది ఈ కదలికే కాబట్టి దీన్ని వదలొద్దు.

కదలిక కాస్త వచ్చాక బలం సంగతి. ఎలాస్టిక్ బ్యాండ్‌ను తలుపు గొళ్లేనికి కట్టి, మోచేయి ఒంటికి అంటి ఉండగా చేతిని మెల్లగా బయటికి, తర్వాత లోపలికి లాగడం. రెక్క ఎముకలను వెనక్కి దగ్గరగా లాగి ఐదు అంకెలు లెక్కపెట్టి వదలడం. గోడకు చేతులు ఆనించి పుష్-అప్ చేయడం. ఫలితం తెలియడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. మూడో వారంలో పని చేయట్లేదని మానేసేవాళ్లే ఎక్కువ. ఫిజియోథెరపిస్ట్ దగ్గరికి రోజూ వెళ్లలేకపోయినా కనీసం మొదట ఒకసారి, తర్వాత బరువు పెంచేటప్పుడు చూపించుకుంటే చేసే తీరు దారిలో ఉంటుంది.

చేస్తుంటే నొప్పి వస్తోంది. ఆపేయాలా?

నొప్పికి పదికి మార్కులు వేసుకోండి. మూడు నాలుగు దాకా ఫర్వాలేదు, మర్నాటికి మళ్లీ మామూలు స్థితికి రావాలి. మర్నాడు కూడా ఎక్కువగానే ఉంటే వ్యాయామం మానకండి, సగానికి తగ్గించండి.

ఎక్స్-రే చాలా, ఎంఆర్ఐ తీయించుకోవాలా?

ముందు చేతితో చేసే పరీక్ష, ఆ తర్వాతే స్కాన్. ఇంట్లో కూడా మీరు ఒక చిన్న పరీక్ష చేసుకోవచ్చు. ఇది కూడా పడి దెబ్బ తగిలినవాళ్లకు కాదు. అద్దం ముందు నిలబడి మోచేతులు నడుముకు ఆనించి ముంజేతులను బయటికి తిప్పండి. నొప్పి ఉన్న చెయ్యి మధ్యలో ఆగిపోతే ఇంకొకరిని మెల్లగా తిప్పమనండి. వాళ్లు తిప్పినా అక్కడే ఆగిపోతే కీలు బిగుసుకుంది. వాళ్లు తిప్పితే వెళ్లి, మీరు తిప్పితే వెళ్లకపోతే టెండన్ గానీ నరం గానీ పనిచేయడం లేదు. డాక్టర్ పరీక్షలో కూడా ముఖ్యమైన భాగం ఇదే.

ఎక్స్-రేలో ఎముక విరగడం, కీలు అరుగుదల, కాల్షియం పేరుకోవడం తెలుస్తాయి. టెండన్ చిరుగు చూడాలంటే అల్ట్రాసౌండ్ గానీ ఎంఆర్ఐ గానీ కావాలి. అనుభవమున్న చేతుల్లో అల్ట్రాసౌండ్ కూడా చాలావరకు సరిపోతుంది, పైగా చెయ్యి కదుపుతూ చూడొచ్చు. ఆపరేషన్ గురించి ఆలోచిస్తున్నప్పుడు, గుంట అంచు చీలిందేమో చూడాల్సినప్పుడు ఎంఆర్ఐ అవసరమవుతుంది.

ఎంఆర్ఐ రిపోర్టులో చిరుగు ఉందని రాశారు. ఆపరేషన్ చేయించుకోవాల్సిందేనా?

ఈ ఒక్క మాట చదివి ఎంతోమంది టెన్షన్ పడతారు. నొప్పి ఏమీ లేనివాళ్ల భుజాలు స్కాన్ చేసినా, ముఖ్యంగా 60 దాటినవాళ్లలో, టెండన్ చిరుగులు మామూలుగా కనిపిస్తూనే ఉంటాయి. వయసుతో జుట్టు నెరిసినట్టే టెండన్ కూడా అరుగుతుంది. రిపోర్టులో కనిపించిందే మీ నొప్పికి కారణమో కాదో చెయ్యి పట్టి పరీక్షించి చెప్పాలి.

అరుగుదలతో మెల్లగా వచ్చిన చిరుగుకు, పాక్షికంగా తెగినదానికి ముందు మూడు నెలలు వ్యాయామం. చాలామందికి దాంతోనే పని జరిగిపోతుంది. తెగింది అతుక్కోకపోయినా మిగిలిన కండరాలు ఆ పని అందుకుంటాయి.

పడటం వల్ల గానీ, బరువు లాగడం వల్ల గానీ ఉన్నట్టుండి పూర్తిగా తెగి, అంతకుముందు బాగున్న చెయ్యి అసలు లేవకపోతే అది వేరే సంగతి. అక్కడ కాలయాపన నష్టం చేస్తుంది. తెగిన టెండన్ వెనక్కి ముడుచుకుపోయి, కండరం కొవ్వుగా మారడం మొదలైతే తర్వాత కుట్టినా నిలవదు. అలాంటివాళ్లు నెలలు గడవనీయకుండా, వీలైతే కొద్ది వారాల్లోనే భుజం సర్జన్‌ని కలవాలి.

ఫ్రోజెన్ షోల్డర్ అంటే ఏమిటి? దానంతటదే తగ్గుతుందా?

కీలు చుట్టూ ఉండే పొర వాచి, మందమై, ముడుచుకుపోతుంది. 40 నుంచి 60 ఏళ్ల మధ్య, మగవాళ్లకంటే ఆడవాళ్లలో కొంచెం ఎక్కువగా వస్తుంది. అమెరికన్ సర్జన్ ఎర్నెస్ట్ కాడ్‌మన్ 1934లో దీనికి ఈ పేరు పెట్టాడు. మొదట్లో కొన్ని నెలలు నొప్పి ఎక్కువ, ముఖ్యంగా రాత్రి. ఎవరైనా పిలిస్తే చటుక్కున చెయ్యి చాచినప్పుడు ప్రాణం పోయినంత పోటు. తర్వాత నొప్పి తగ్గుతుంది గానీ చెయ్యి కదలదు: జుట్టు ముడి వేసుకోలేరు, వెనక జేబులో చెయ్యి పెట్టలేరు. ఆ తర్వాత మెల్లగా వదులవుతుంది. మొత్తం ఒకటి నుంచి మూడేళ్లు పడుతుంది. ఎక్కువమంది బాగా కోలుకుంటారు, కొందరికి మాత్రం కొంత బిగువు మిగిలిపోతుంది.

ఏ దశలో ఏం చేయాలన్నది ఇక్కడ చాలా ముఖ్యం. నొప్పి దశలో బలవంతంగా సాగదీస్తే పొర ఇంకా మండిపడుతుంది. కళ్ల నీళ్లు తిరిగేలా చెయ్యి వంచడం వైద్యం కాదు. ఆ దశలో నొప్పి తగ్గించే మందు, అవసరమైతే కీలులో స్టెరాయిడ్ ఇంజెక్షన్, నొప్పి లేనంత మేర కదలిక. నొప్పి తగ్గి బిగువు మాత్రమే మిగిలాక సాగదీసే వ్యాయామాలు పట్టుదలగా చేయాలి. అప్పటికీ లొంగకపోతే కీలులోకి సెలైన్ ఎక్కించి పొరను సాగదీయడం, మత్తు ఇచ్చి చెయ్యి తిప్పడం, కీహోల్ (చిన్న రంధ్రం) ద్వారా పొరను కోసి వదులు చేయడం అనే దారులున్నాయి.

షుగర్ ఉన్నవాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందా?

అవును, మిగతావాళ్లకంటే కొన్ని రెట్లు ఎక్కువ. త్వరగా తగ్గదు కూడా, రెండో భుజానికీ రావొచ్చు. థైరాయిడ్ ఉన్నవాళ్లలో కూడా ఎక్కువే. షుగర్ ఉందని తెలియనివాళ్లకు ఫ్రోజెన్ షోల్డర్ వస్తే ఒకసారి రక్త పరీక్ష చేయించడం మంచిది.

స్టెరాయిడ్ ఇంజెక్షన్ మంచిదేనా? ఎన్నిసార్లు వేయించుకోవచ్చు?

కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల వరకు నొప్పి తగ్గిస్తుంది. ఫ్రోజెన్ షోల్డర్ తొలి దశలో దీని ఫలితం బాగుంటుంది. అయితే నొప్పి తగ్గిన ఆ వ్యవధిలో వ్యాయామం మొదలుపెట్టకపోతే ఇంజెక్షన్ వృథా అయినట్టే. పదేపదే వేస్తే టెండన్ బలహీనపడుతుంది కాబట్టి సాధారణంగా ఏడాదికి మూడు నాలుగు దాటనివ్వరు, మధ్యలో కొన్ని వారాల నుంచి నెలల విరామం ఉంచుతారు. షుగర్ ఉన్నవాళ్లకు కొద్ది రోజులు రీడింగ్ బాగా పెరగొచ్చు. ముందే డాక్టర్‌తో మాట్లాడి రోజూ చూసుకోవాలి. దగ్గర్లో ఆపరేషన్ అనుకుంటున్నవాళ్లు సర్జన్‌కి ఇంజెక్షన్ తేదీ చెప్పాలి, ఇన్ఫెక్షన్ ముప్పు దృష్ట్యా సాధారణంగా మూడు నెలలు ఆగమంటారు.

ప్లాస్మా ఇంజెక్షన్లు?

మీ రక్తం నుంచి తీసిన ప్లేట్‌లెట్లను మళ్లీ ఎక్కించడమే పీఆర్‌పీ. అధ్యయనాల ఫలితాలు ఒకలా లేవు. వ్యాయామం సరిగా చేయకుండానే దీనికి డబ్బు పెట్టడం నాకు సరైన వరస అనిపించదు.

రాత్రికి రాత్రి భరించలేని నొప్పి వచ్చింది, ఎక్స్-రేలో కాల్షియం అన్నారు. ఏమిటిది?

టెండన్‌లో కాల్షియం పేరుకుపోవడం. కాల్షియం మాత్రలు వేసుకోవడం వల్లో, పాలు తాగడం వల్లో రాదు. శరీరం ఆ నిల్వను కరిగించుకునేటప్పుడే నొప్పి తారస్థాయికి చేరుతుంది, అంటే ఆ ఘోరమైన నొప్పి చాలాసార్లు తగ్గుముఖానికి ముందు వచ్చేది. నొప్పి మందులతో, ఒకోసారి ఇంజెక్షన్‌తో నెట్టుకురావచ్చు. కరగకుండా మొండికేస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ సూదితో కడిగి తీయడం, షాక్ వేవ్ చికిత్స ఉన్నాయి.

భుజం జారింది. దగ్గర్లో ఎవరైనా లాగి సరిచేస్తే సరిపోదా?

వద్దు. ఎముక తల కూడా విరిగి ఉంటే లాగినప్పుడు అది పక్కకు తప్పుకుంటుంది, నరమో రక్తనాళమో దెబ్బతింటుంది. దొరికిన గుడ్డతో చెయ్యిని ఉన్న భంగిమలోనే ఆనించి ఆసుపత్రికి వెళ్లాలి. మత్తు ఇవ్వాల్సి రావచ్చు కాబట్టి దారిలో ఏమీ తినకపోవడం మేలు. అక్కడ సాధారణంగా ఎక్స్-రే తీసి, నొప్పి తెలియకుండా చేసి, మెల్లగా గూట్లోకి తెచ్చి, మళ్లీ ఎక్స్-రే తీస్తారు. భుజం బయటి వైపు కొంతమేర స్పర్శ తెలియకపోతే డాక్టర్‌కి చెప్పండి, అక్కడి నరం ఒత్తిడికి గురైందన్న గుర్తు అది.

ఎక్కువ భాగం ముందు వైపుకే జారుతుంది. మూర్ఛ వచ్చాక, కరెంట్ షాక్ తగిలాక వెనక్కి జారే అవకాశం ఉంది. అది మామూలు ఎక్స్-రేలో కంటికి ఆనకపోవచ్చు. అలాంటి సంఘటన తర్వాత చెయ్యి లోపలికి తిరిగి ఉండిపోయి, బయటికి తిరగనే తిరగకపోతే పక్క నుంచి తీసే ఎక్స్-రే కూడా అడగాలి.

ఒకసారి జారితే మళ్లీ మళ్లీ జారుతుందా?

వయసు ఎంత తక్కువైతే ఆ ముప్పు అంత ఎక్కువ. 20 ఏళ్ల లోపు, ఒంటికి ఒళ్లు తగిలే ఆటలు ఆడేవాళ్లలో చాలా ఎక్కువ. గుంట అంచున ఉండే మెత్తటి కట్ట చీలిపోవడమే కారణం. దాన్ని కీహోల్ ద్వారా తిరిగి అతికించే ఆపరేషన్‌ను బ్యాంకార్ట్ రిపేర్ అంటారు. ఎముక కూడా బాగా అరిగిపోతే రెక్క ఎముక నుంచి చిన్న ముక్క తెచ్చి గుంట ముందు బిగించే లాటార్జే పద్ధతి ఉంది. 40 దాటినవాళ్లలో మళ్లీ జారడం తక్కువే గానీ మొదటిసారి జారినప్పుడే రొటేటర్ కఫ్ తెగి ఉండొచ్చు. స్లింగ్ తీశాక చెయ్యి లేవకపోతే స్కాన్ తప్పనిసరి.

కాలర్ బోన్ (మెడ కింద అడ్డంగా ఉండే ఎముక) విరిగితే ప్లేటు వేయాలా?

చాలావరకు అక్కర్లేదు. స్లింగ్‌తోనే పెద్దవాళ్లలో 6 నుంచి 12 వారాల్లో, పిల్లల్లో ఇంకా ముందే అతుక్కుంటుంది. అతికిన చోట చిన్న బుడిపె మిగిలినా పనికి అడ్డు రాదు. ఎముక చర్మాన్ని పొడుచుకొస్తున్నా, ముక్కలు బాగా దూరంగా జరిగినా, ఒకదాని మీద ఒకటి ఎక్కినా ఆపరేషన్ గురించి మాట్లాడతారు.

వయసు మళ్లినవాళ్లు చెయ్యి ఆనించి పడ్డప్పుడు చేతి ఎముక భుజం దగ్గర విరుగుతుంది. ముక్కలు జరిగితే ఆపరేషనే మేలని అనుకునేవారు. బ్రిటన్‌లో చేసి 2015లో ప్రచురించిన ప్రోఫర్ అధ్యయనంలో అలాంటివాళ్లలో చాలామందికి ఆపరేషన్‌తో గానీ స్లింగ్‌తో గానీ రెండేళ్లకు ఫలితం ఒకేలా ఉందని తేలింది. ఇలా పడి విరిగినవాళ్లకు ఎముకల సాంద్రత పరీక్ష కూడా చేయించాలి. భుజం అతికింది కదా అని ఊరుకుంటే తర్వాతి వంతు తుంటి ఎముకది కావచ్చు.

పక్షవాతం వచ్చిన మనిషికి భుజం నొప్పి. ఏం చేయాలి?

కండరాల పట్టు పోయి, చెయ్యి బరువుకు ఎముక తల గుంట నుంచి కిందికి జారుతుంది. ఈ నొప్పి చాలావరకు మనం పట్టుకునే తీరును బట్టి ఉంటుంది. మంచం మీద లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టుకుని లాగకూడదు, చంకల కింద చేతులు వేసి ఎత్తకూడదు. రెక్క ఎముక వెనక, నడుము దగ్గర ఆసరా ఇచ్చి లేపాలి. కూర్చున్నప్పుడు చెయ్యి వేలాడకుండా ముంజేయి కింద దిండు ఉండాలి. ఇంట్లో చూసుకునే ప్రతి ఒక్కరికీ ఇది నేర్పించండి, ఒక్కరు మరచినా ఆ మనిషి రాత్రంతా బాధపడాలి.

ఎముక రాపిడి ఉంది, గీకేయాలి అన్నారు. అవసరమా?

చెయ్యి ఎత్తేటప్పుడు మధ్యలో నొప్పి వచ్చే సమస్యకు పైనున్న ఎముక కప్పును చెక్కే ఆపరేషన్ ఒకప్పుడు విరివిగా చేసేవారు. బ్రిటన్, ఫిన్లాండ్ పరిశోధకులు విడివిడిగా దీన్ని పరీక్షించి 2018లో ఫలితాలు ప్రచురించారు. కొందరికి నిజంగా ఎముక చెక్కారు, కొందరికి లోపలికి కెమెరా పెట్టి చూసి వదిలేశారు. ఇద్దరి మధ్యా రోగికి తెలిసేంత తేడా రాలేదు. మరుసటి ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్ మార్గదర్శకం ఈ నొప్పికి ఈ ఆపరేషన్ వద్దని గట్టిగా చెప్పింది. మీకు ఎవరైనా ఇది ఒక్కటే సూచిస్తే, క్రమం తప్పని వ్యాయామం చేసి చూశానా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి, తర్వాత రెండో డాక్టర్‌ని అడగండి.

రొటేటర్ కఫ్ ఆపరేషన్ ఎలా చేస్తారు? కోలుకోవడానికి ఎన్నాళ్లు?

చిన్న రంధ్రాల ద్వారా కెమెరా, పరికరాలు పంపి, ఎముకలో చిన్న యాంకర్లు బిగించి, వాటి దారాలతో టెండన్‌ను తిరిగి ఎముకకు కుడతారు. మెడ దగ్గర నరానికి మత్తు ఇస్తారు కాబట్టి చెయ్యి 12 నుంచి 24 గంటలు మొద్దుబారి ఉండొచ్చు. ఆ మత్తు అర్ధరాత్రి వదిలితే నొప్పి ఒక్కసారిగా మీద పడుతుంది. చెయ్యి చిమచిమలాడటం మొదలవగానే రాసిచ్చిన మాత్ర వేసుకోండి, నొప్పి ముదిరేదాకా ఆగొద్దు.

నాలుగు నుంచి ఆరు వారాలు స్లింగ్, ఆ తర్వాత మెల్లగా కదలిక, దాదాపు మూడు నెలలకు బలం పెంచే వ్యాయామం. మామూలు పనులకు నాలుగు నుంచి ఆరు నెలలు, బరువు పనికి, ఆటలకు ఇంకా ఎక్కువ. రెండో నెలలో చాలామంది డీలా పడతారు: నొప్పి తగ్గింది, చెయ్యి లేవట్లేదు, చెడిపోయిందేమో అన్న భయం. అది మామూలు దశే. ప్రమాదమల్లా నొప్పి తగ్గిందని ముందే బరువు ఎత్తడంలో ఉంది. టెండన్ ఎముకకు గట్టిగా అతుక్కోవడం ఇంకా పూర్తి కాదు.

బిగుసుకుపోవడం, ఇన్ఫెక్షన్, కుట్టింది మళ్లీ తెగడం వంటివి జరగొచ్చు. చిరుగు పెద్దదైన కొద్దీ, వయసు పెరిగిన కొద్దీ మళ్లీ తెగే అవకాశం పెరుగుతుంది. పొగ తాగితే మానడం మందగిస్తుంది. ఆపరేషన్ తేదీ ఖాయం కాగానే సిగరెట్ మానేయడం మీ చేతుల్లో ఉన్న మంచి మందు.

భుజం కీలు కూడా మారుస్తారా?

మోకాలు మార్చినట్టే మారుస్తారు. మృదులాస్థి అరిగినా టెండన్లు బాగుంటే మామూలు పద్ధతి. టెండన్లు బాగుచేయలేనంతగా పోతే రివర్స్ పద్ధతి: బంతిని గుంట వైపు, గుంటను చేతి ఎముక వైపు బిగిస్తారు, అప్పుడు రొటేటర్ కఫ్ లేకపోయినా పై కండరమే చేతిని ఎత్తగలుగుతుంది. ఫ్రాన్స్ సర్జన్ పాల్ గ్రామోంట్ 1980లలో దీన్ని రూపొందించారు, అమెరికాలో 2003లో అనుమతి వచ్చింది. నొప్పి తగ్గించడంలో ఈ ఆపరేషన్ ఫలితం చాలా బాగుంటుంది. పదేళ్ల తర్వాత కూడా ఎక్కువమందిలో కీలు పనిచేస్తూనే ఉంటుంది. బరువులు ఎత్తే విషయంలో మాత్రం జీవితాంతం జాగ్రత్త.

ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు సర్జన్‌ని ఏమడగాలి?

ఆపరేషన్ చేయించుకోకపోతే ఏమవుతుంది? ఆరు నెలలు ఆగితే నష్టమా? నా వయసుకు, నా పనికి ఎంతవరకు బాగవుతుందని ఆశించాలి? స్లింగ్ ఎన్ని వారాలు, ఆ రోజుల్లో ఇంట్లో ఎవరి సాయం కావాలి? మొదటి ప్రశ్నకు ఓపిగ్గా జవాబు చెప్పే డాక్టర్ దగ్గర మిగతావి తేలిగ్గా అడగగలుగుతారు.

బండి, కారు ఎప్పటి నుంచి నడపొచ్చు?

స్లింగ్ పూర్తిగా తీసేసి, నిద్రమత్తు తెచ్చే నొప్పి మందులు ఆపేసి, అకస్మాత్తుగా రెండు చేతులతో స్టీరింగ్ తిప్పగలిగినప్పుడు. టెండన్ ఆపరేషన్ తర్వాత ఇది సాధారణంగా 6 వారాల తర్వాతే, కొందరికి ఇంకా ఆలస్యం. ఆగి ఉన్న కారులో కూర్చుని ముందు స్టీరింగ్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. బైక్‌కు ఇంకొన్ని వారాలు ఆగండి, బ్యాలెన్స్ తప్పితే మొదట నేలకు ఆనేది ఆ చెయ్యే.